సొల్యూషను ఆరేలోపు

గుణుపూరు స్టేషను రోడ్డులో
నా సైకిలు షాపు బోర్డు ఒరియాలో ఉంటుంది,
బేరం తెలుగులో జరుగుతుంది,
తిట్లు మాత్రం నోటికి ఏది ముందు అందితే అది.

ట్యూబు గీకి సొల్యూషను రాశాక
కాసేపు ఆగాలి.
తడి మీద అతికిస్తే అతుకు నిలవదు.
ఆ కాసేపటి కోసం నా దగ్గరొక రేకు పెట్టె.
పై అరలో వాల్వు రబ్బర్లు, బాల్సులు, గ్రీజు,
కింద
అట్టలూడిన నా రచయితలు.

ఏం చదవమంటావని ఎవరూ అడగరు.
నేనే చక్రాన్ని చూస్తాను, తర్వాత మనిషిని.
ఒకేచోట మళ్ళీ మళ్ళీ పంక్చరయ్యే బండి తెచ్చినవాడికి
ఆ పెద్దావిడ కథలు.
ఆవిడ ఎవరినీ చంపదు, ఎవరికీ పెళ్ళి చెయ్యదు.
ఆఖరి వాక్యంలో ఒక తలుపు దగ్గరగా వేసి ఊరుకుంటుంది.
గొళ్ళెం పెట్టదు.
బ్రేకుల్లేకుండా తిరిగే కాలేజీ కుర్రాడికి
పేజీకొక్క చుక్క పెట్టే ఆయన నవల.
మధ్యలో దిగడానికుండదు నాయనా,
ఊరొచ్చేదాకా తొక్కాల్సిందే.

తప్పులూ చేశాను.
ఫారెస్టు గార్డు లోకనాథానికి ఒక ఏడుపు పుస్తకమిచ్చాను,
నన్ను మూడుసార్లు ఏడిపించిందని గొప్పగా చెప్పి మరీ.
రెండోనాడే తెచ్చి గాలిపంపు మీద పెట్టాడు.
"ఇది మా ఇంట్లో ఉందిరా గవరయ్యా.
నేనిదిని ఏటి ఇయ్యి."
ఆవేళ నుంచి పొగడ్డం తగ్గించాను.
మనకిష్టమైనవాణ్ణి ఇంకొకరి చేతికివ్వడం
పిల్లని ఒంటరిగా బస్సెక్కించడం.
కిటికీ కిందనుంచి ఎంత అరిచినా
లోపలికి సగమే వినిపిస్తుంది.

అదిగో, అప్పుడొచ్చింది కుముదిని,
పాత్రో గారి మనవరాలు
(బోర్డరు దాటితే పాత్రుడు, ఇవతల పాత్రో),
వెనకచక్రం ఈడ్చుకుంటూ.
పెద్దావిడ పుస్తకం చేతికిచ్చాను.
తిరగేసింది, బొమ్మలేమైనా ఉన్నాయేమోనన్నట్టు.
"బాబాయ్, ఈ అచ్చరాలు నాకు రావు."

ఆ మాట అన్నది తెలుగులో.
మా అమ్మ మాట్లాడిన తెలుగులో,
చివర కొంచెం సాగదీసి.
ఇంట్లో తెలుగు, బళ్ళో ఒరియా.
నోటికి చుట్టమైన భాష
కంటికి పరాయిది.
సొల్యూషను ఆరిపోయింది. అతుకు వేశాను.
డబ్బులు తీసుకోవడం మర్చిపోయాను.

నాలుగు రాత్రులు పట్టింది.
పాత లెక్కల పుస్తకంలో మిగిలిన కాయితాల మీద
పెద్దావిడ తెలుగుని ఒరియా అక్షరాల్లో దించాను.
ఒక్కో అక్షరానికి తలకట్టు తీసేసి
గుండ్రటి గొడుగు పట్టాను.
మాట మారలేదు, వాన మారింది.

కుముదిని వారం తర్వాత వచ్చింది,
ఈసారి సైకిలు బాగానే ఉంది.
"బాబాయ్, ఆవిడ మేడ ఎలా వంచింది?"
మేడేమిటే?
"అమ్మాయి మేడ వంచి నిలబడిందని రాశావు కదా."
మెడ!
ఎకారానికి కురచా పొడుగూ లేని లిపిలో పడి
మెడ మీద అంతస్తులు లేచాయి.
నవ్వి నవ్వి నా చేతిలో స్పానరు జారిపోయింది.
"మేడే బాగుంది," అంది గుంట,
"అంత బరువు మోస్తోంది కాబట్టే
ఆఖర్న తలుపు గట్టిగా వెయ్యలేకపోయింది."

ఇన్నేళ్ళుగా చదువుతున్నాను ఆ కథ.
నాకు తోచలేదు.

పోతూ పోతూ సంచిలోంచి ఒక ఒరియా పుస్తకం తీసింది.
"నువ్వు ఈయన్ని చదివావా?"
ముప్పయ్యేళ్ళుగా ఒరియాలో బిల్లులు చదివాను,
కరెంటు నోటీసులు, ఓటరు జాబితాలు, రైలు టైములు.
కథ
ఒక్కటంటే ఒక్కటి లేదు.
నన్ను ఎవరైనా ఆ మాట అడగడం కూడా ఇదే మొదలు.

"ఎలా ఉంటాడేటి?"
"నాను సెప్పను. పొగిడితే నీకు నచ్చదు గదా."

ఇప్పుడు ఎనిమిదో పేజీలో ఉన్నాను.
ట్యూబు మీద సొల్యూషను ఎప్పుడో ఆరింది.
రోడ్డు మీద ఎవడో బెల్లు కొడుతున్నాడు.
కొట్టనీ.